హైదరాబాద్‌లో ఆఫీసు, తీరంలో సైటు: తుపానుకు ముందే తేల్చుకోవలసిన పనులు

ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉండి, కాకినాడ, కృష్ణపట్నం, శ్రీకాకుళం వంటి చోట్ల ఊరికి దూరంగా పనులు నడిపించే సంస్థలకు తుపాను సమయంలో మొదటి చిక్కు అనుమతి దగ్గరే వస్తుంది. పని ఆపితే రోజుకు ఎంత నష్టమో లెక్కవేసేవారు ఇక్కడ ఉంటారు, ఆపకపోతే ఏమవుతుందో తెలిసినవారు అక్కడ ఉంటారు. అందువల్ల బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా పుట్టే రెండు కాలాలకు ముందు, అంటే ఏప్రిల్‌కు ముందొకసారి, అక్టోబరుకు ముందొకసారి, పని ఆపడానికి, బస్సులు అద్దెకు తీసుకోవడానికి, నగదు ఖర్చు చేయడానికి సైట్ ఇన్‌చార్జికి రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ఉంచాలి. మిగిలిన ఏర్పాట్లన్నీ ఈ కాగితం మీదే ఆధారపడతాయి.

వాతావరణ శాఖ సాధారణంగా 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక జారీ చేస్తుంది. టీవీలో తిరిగే బొమ్మలను నమ్ముకోకుండా ఆ బులెటిన్‌నే చదివి, ఏ దశలో ఏ పని పూర్తి కావాలో ముందే రాసుకోవాలి. ఉప్పెన, అలల ఎత్తు అంచనాలు వెలువరించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్ ప్రగతి నగర్‌లోనే ఉన్నా, వాటిని సైటుకు పంపే బాధ్యత ఎవరిదో తేలని కార్యాలయాలే ఎక్కువ. ఒక మనిషికి ఆ పని పేరు పెట్టి అప్పగించాలి.

తొలి సూచన రాగానే మనుషుల లెక్క తీయాలి. హాజరు పుస్తకం ఒక్కటే సరిపోదు. చిన్న కాంట్రాక్టర్లు నిన్న మొన్న తెచ్చిన కూలీలు, రేకుల షెడ్లలో ఉండే వారి భార్యాపిల్లలు, రాత్రి కాపలాదారులు అందులో కనిపించరు. గర్భిణులను, పసిపిల్లలను, జబ్బుపడినవారిని అప్పుడే పంపించివేయాలి. ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవారు ఉంటే ప్రకటనలు ఒడియాలోనూ హిందీలోనూ వినిపించాలి.

రెండో దశలో కొత్త తవ్వకాలు, ఎత్తు మీద పనులు ఆపివేయాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది కాబట్టి, గంటకు 60 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న పరంజా 120 కిలోమీటర్ల గాలిని తట్టుకుంటుందని అనుకోకూడదు. దానికి కట్టిన వలలను, పట్టాలను విప్పివేయాలి. మొబైల్ క్రేన్ల బూమ్ (పొడవాటి చేయి) కిందికి దించాలి. టవర్ క్రేను విషయంలో చాలామంది పొరపడతారు: దాని జిబ్‌ను, అంటే పైనున్న అడ్డ చేయిని, తాళ్లతో బిగించి కట్టకూడదు, గాలివాటుకు తిరిగేలా తయారీదారు చెప్పిన పద్ధతిలో స్లూ బ్రేకు (ఆ చేయి తిరగకుండా ఆపే బ్రేకు) వదిలి ఉంచాలి. నీరు చేరే చోట ఖాళీ ట్యాంకులు తేలిపోయి బోల్టులను పెరుక్కుపోతాయి కాబట్టి, వాటిని నీటితో నింపి బరువు పెంచాలి.

హెచ్చరిక దశకు ముందే లేబర్ కాలనీ ఖాళీ కావాలి. కూలీలు కదలడానికి ఇష్టపడకపోతే దానిని మొండితనంగా చూడకూడదు. కూలి డబ్బు పోతుందని, పెట్టె బేడా దొంగలపాలవుతాయని వారి భయం. ఆగిన రోజులకు కూలి ఇస్తామని మేస్త్రీ ద్వారా కాక సంస్థే నేరుగా చెప్పి, సామాను ఒక గట్టి గదిలో పెట్టి తాళం వేస్తే సగం వాదన ముగుస్తుంది. బస్సు ఎక్కేటప్పుడు ఒకసారి, పునరావాస కేంద్రంలో దిగాక మరొకసారి పేర్లు పిలవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. కాబట్టి హైదరాబాద్ నుంచి ఫోను వస్తుందని ఎదురుచూడకుండా, ఎవరు ఎక్కడికి చేరాలో, ఎంతసేపటికి తిరిగి లెక్క చూడాలో ముందే నిర్ణయించాలి. శాటిలైట్ ఫోనుకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి గనుక, ఆ దరఖాస్తు తుపాను కాలానికి ముందే పెట్టాలి. జనరేటరును మూసిన గదిలో నడపకూడదు. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, పైకి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా సద్దుమణుగుతుంది, ఆ నిశ్శబ్దాన్ని చూసి ఎవరినీ బయటికి పంపకూడదు. ఆ తరువాతి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది.

తీరానికి దూరమని నగరంలోని సైట్లను వదిలేయడం కూడా సరికాదు. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రే హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ సెల్లార్ల కోసం తవ్విన గోతుల అంచునా, పాత ప్రహరీ గోడల వారనా కూలీల షెడ్లు ఉంటే, భారీ వర్ష సూచన రాగానే వారిని మార్చాలి.

పని తిరిగి మొదలుపెట్టే తొందరే ఎక్కువ ప్రమాదకరం. తడిసిన మోటార్లకు, ప్యానెళ్లకు మెగ్గర్ పరీక్ష (ఇన్సులేషన్ సరిగా ఉందో లేదో చూసే పరీక్ష) చేయకుండా కరెంటు ఇవ్వకూడదు; తవ్వకాల గోడలను, పరంజా కట్లను, బరువులు ఎత్తే స్లింగులను సేఫ్టీ అధికారి చూసి సంతకం చేయకుండా ఎవరినీ ఎక్కనివ్వకూడదు, దిగనివ్వకూడదు. పైపులలో, రేకుల కింద పాములు చేరి ఉంటాయి కనుక మొదటి రోజు చేతులు పెట్టకుండా కర్రలతో కదిలించి చూడాలి.