డికాషన్ దిగకపోతే తప్పు ఫిల్టరుదేనా? ఇంటి కాఫీ: సమస్య - పరిష్కారం

కాఫీ బాగా రాకపోతే మనకు ముందు ఫిల్టరు మీదే అనుమానం. కొత్తది కొంటాం. నాలుగు రోజులకి అదీ అలాగే చేస్తుంది. ఇన్నేళ్లుగా రోజుకి రెండు పూటలా కాఫీ కలిపే చేత్తో చెబుతున్నాను, చాలాసార్లు తప్పు పొడిలో ఉంటుంది. పాతబడిన పొడి, మర సరిగా కుదరని పొడి, చికోరీ ఎక్కువైన పొడి. ఇక్కడ చెప్పేది మన స్టీలు, ఇత్తడి ఫిల్టర్ల కాఫీ గురించి. మిషన్ల సంగతి చివర్లో చూద్దాం.

గంటైనా డికాషన్ దిగట్లేదు

పొద్దున్నే ఇంతకన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటి లేదు. ఒక పక్క పాలు పొంగుతుంటాయి, కింది గిన్నెలో నాలుగు చుక్కలు కూడా పడవు.

ముందు పై గిన్నెను కొంచెం పైకి లేపి మళ్ళీ వదలండి. కొన్ని ఫిల్టర్లు బాగా బిగుతుగా కూర్చుంటాయి. కింది గిన్నెలో ఉన్న గాలి బయటికి పోవడానికి సందు లేకపోతే డికాషన్ దిగడానికి చోటుండదు. లేపగానే బుస్సుమని సన్నటి చప్పుడొచ్చి చుక్కలు మొదలైతే ఇదే కారణం. రోజూ ఇలాగే అవుతుంటే పై గిన్నెను మరీ నొక్కి కూర్చోబెట్టకండి.

అప్పటికీ దిగకపోతే పొడి చూడాలి. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. గోధుమపిండిలా జారిపోతే అది ఫిల్టరుకి మరీ మెత్తన. సన్న ఉప్పులా వేలికి గరగరమని తగలాలి. ఇప్పుడున్న ప్యాకెట్టు పారేయక్కర్లేదు, పొడిని అదమడం మానేసి చిల్లుల బిళ్ళను ఊరికే పైన పెట్టి నీళ్ళు పోయండి, చాలావరకు దిగుతుంది.

ప్యాకెట్టు వెనక వైపు కూడా ఒకసారి చదవండి. నేను చాలా రోజులు ఒక పొడి వాడుతూ ఫిల్టర్ని తిట్టుకున్నాను. తీరా చూస్తే చిన్న అక్షరాల్లో చికోరీ 47 శాతం అని ఉంది. మన దేశంలో నిబంధన ప్రకారం కాఫీ-చికోరీ పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే దాదాపు సగం దాకా చికోరీ కలిపినా తప్పు లేదన్నమాట. చికోరీ గింజ కాదు, వేయించిన వేరు. నీళ్ళు తగలగానే మెత్తబడి పొడినంతా పట్టేస్తుంది. 80:20 పొడికి మారాక మా ఇంట్లో డికాషన్ ఇరవై నిమిషాల్లో దిగుతోంది.

ఇవన్నీ చూశాక అప్పుడు ఫిల్టరు. ఖాళీ పై గిన్నెను కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి లోపలి నుంచి చూడండి. చిల్లులన్నీ చుక్కల్లా వెలుగుతుంటే బాగున్నట్టే. కొన్ని నల్లగా మూసుకుపోయి కనిపిస్తే పాత కాఫీ జిడ్డో, బోరు నీళ్ళ సున్నమో పేరుకుందన్నమాట. నిమ్మరసం కలిపిన వేడినీళ్ళలో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో అవతలి వైపు నుంచి రుద్దండి. స్టీలు ఫిల్టరైతే కొందరు పొయ్యి మీద కాసేపు కాలుస్తారు, జిడ్డు మాడి రాలిపోతుంది. కళాయి వేసిన ఇత్తడి ఫిల్టర్ని మాత్రం అలా ఎప్పుడూ కాల్చకండి. కళాయి అంటే తగరం, 232 డిగ్రీలకే కరిగిపోతుంది.

డికాషన్ నీళ్ళలా వస్తోంది

పై దానికి ఇది తలకిందులు. నీళ్ళు పోసిన మూడు నిమిషాలకే అంతా దిగిపోతే పొడి బరకగా ఉంది, లేదా అదమలేదు, లేదా పొడి తక్కువైంది. నా లెక్క 25 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్ళు. పొడి తన బరువుకి రెండింతలు నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి చేతికొచ్చేది దాదాపు 100 మిల్లీలీటర్లు. అది మూడు కప్పులకి చాలు. పెద్ద ఫిల్టర్లో కొంచెం పొడి వేసినా పలచనే అవుతుంది, ఎందుకంటే పొడి పొర మందం ఉండదు. ఇంట్లో ఇద్దరే ఉంటే చిన్న ఫిల్టరే కొనుక్కోండి.

నీళ్ళు ఒకేసారి గుమ్మరించకండి. ముందు పొడి తడిసేంత పోసి అర నిమిషం ఆగండి. తాజా పొడైతే బుడగలొచ్చి పొంగుతుంది. ఆ తర్వాత మిగతా నీళ్ళు.

వాసన రావట్లేదు

పైన చెప్పిన బుడగలు రాకపోయినా, మూత తీయగానే వాసన ముక్కుకి తగలకపోయినా పొడి పాతబడింది. వేయించిన గింజల్లో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది, బుడగలు దానివే. పొడి చేశాక అదీ వాసనా గబగబా పోతాయి. అందుకే అరకిలో ప్యాకెట్టు చవకని తెచ్చుకోవడం నష్టం. వేయించిన తేదీ చూసి 100, 200 గ్రాములే కొనండి. గాలి చొరబడని డబ్బాలో అలమర్లో పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే తీసి పెట్టినప్పుడల్లా చెమ్మ పట్టి పక్కనున్న కూరల వాసన లాగేస్తుంది.

కుదిరితే గింజలు కొని ఏ రోజుకా రోజు మర పట్టుకోవడమే అన్నిటికన్నా మేలు. ఖర్చు పెట్టాల్సింది ఫిల్టరు మీద కాదు, చేతి మర మీద. లోపల రెండు పళ్ళ చక్రాల మధ్య నలిపేది తీసుకోండి, పలుకంతా దాదాపు ఒకే సైజులో వస్తుంది. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది, కొంత పిండి కొంత పలుకు అవుతుంది. మిక్సీయే దిక్కయితే ధనియాలు, మిరపకాయలు పట్టని చిన్న జారు విడిగా ఉంచుకుని, రెండేసి సెకన్లు తిప్పి ఆపుతూ, జారు కుదుపుతూ పట్టండి.

ఏ గింజలు? కాఫీలో ముఖ్యంగా రెండు రకాలు. అరబికాది సువాసన, రొబస్టాది చేదూ చిక్కదనమూ. రొబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు. కొట్లో పీబెరీ, ప్లాంటేషన్ ఏ అని అడుగుతారు. కాయలో రెండు పప్పులకు బదులు ఒక్కటే గుండ్రంగా ఎదిగితే అది పీబెరీ. ప్లాంటేషన్ ఏ కడిగి ఎండబెట్టిన అరబికాలో పెద్ద గింజ. పాలు పోసి తాగే మనకి ప్లాంటేషన్ ఏతో మొదలుపెట్టడం మంచిది. మన అరకు గింజలు తప్పకుండా రుచి చూడండి. గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, అదే చెట్టుకి మిరియాల తీగ పాకించి పండించే అరబికా అది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బాగా నల్లగా వేయించినవి కొంటే ఆ రుచి పోతుంది, మధ్యస్తంగా వేగినవి అడగండి.

చేదెక్కువ, లేదా పులుపు

నాలుక వెనక పట్టుకునే చేదైతే గింజ మాడింది, లేదా డికాషన్‌ని పొయ్యి మీద మరిగించారు. చల్లారిన డికాషన్ గిన్నెను వేడినీళ్ళలో కూర్చోబెట్టి వెచ్చబెట్టండి చాలు. రెండో డికాషన్ చేదు తప్ప ఏమీ ఇవ్వదు, నేను తీయడం మానేశాను.

పులుపు తగిలితే నీళ్ళు చాలినంత వేడిగా లేవు. మరిగించి దించి అర నిమిషంలో పోసేయాలి. గింజ తక్కువ వేగినా ఇంతే.

పాలు విరిగిపోతున్నాయి

పాలు పాతవి. డికాషన్‌లోని పులుపు తగలగానే బయటపడింది అంతే.

ఫిల్టరు పొడి మిషన్లో వేస్తే

ఫ్రెంచ్ ప్రెస్‌లో, అంటే పొడి నానబెట్టి పైనుంచి జల్లెడ నొక్కి వడకట్టే జాడీలో వేస్తే అడుగున బురద. దానికి బొంబాయి రవ్వంత బరక కావాలి. కాగితం వడపోత ఉండే డ్రిప్ మిషన్లో చికోరీ పొడి వేస్తే కాగితం మూసుకుపోయి నీళ్ళు పైకి పొంగుతాయి. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి ఇదే జరిగింది. ఇప్పుడు అక్కడి గింజలే కొని మర పట్టుకుని, చికోరీ వేరే తెచ్చుకుని కప్పుకి పావు చెంచా లెక్కన కలుపుతోంది. ఫిల్టరు మాత్రం ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన, ఇద్దరికి సరిపోయే స్టీలుదే.