బిష్కెక్‌లో పిల్లల్ని చూడ్డానికి వెళ్తే, సోన్-కుల్ దాకా వెళ్ళిరండి

బిష్కెక్ రాజధానిగా ఉన్న కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళని చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నలు హాస్టల్ చూసి, రెండ్రోజులు వండిపెట్టి, ఓష్ బజారులో బాదంపప్పు, ఎండు ఖర్జూరాలు కొనుక్కొని తిరుగు విమానం ఎక్కేస్తారు. ఓపికున్నవాళ్ళు ఇసిక్-కుల్ సరస్సు దాకా వెళ్తారు. అది పెద్దదే, అందమైనదే, కానీ వేసవిలో ఒడ్డు పొడుగునా రిసార్టులు, జనం. నన్నడిగితే ఆ టైము సోన్-కుల్‌కి ఇవ్వండి. మాది నరసరావుపేట. నాకు మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకి బీపీ. మేం వెళ్ళిరాగలిగాం కాబట్టే ధైర్యంగా చెప్తున్నా.

సోన్-కుల్ ఆ దేశంలో రెండో పెద్ద సరస్సు. నరీన్ ప్రాంతంలో 3,016 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరాలే 1,700 మీటర్ల లోపు, దాన్నిబట్టి మీరే ఊహించుకోండి. చలికాలమంతా గడ్డకట్టి ఉంటుంది, దారులు మంచుతో మూసుకుపోతాయి. జూన్‌లో కాపరులు గొర్రెల్ని, గుర్రాల్ని తోలుకొని పైకొస్తారు. సెప్టెంబరులో గుడారాలు విప్పుకొని దిగిపోతారు. మీరు వెళ్ళాల్సింది ఆ మధ్యలోనే. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా అయితే మంచిది. మే సెలవుల్లో వెళ్ళి చూసొద్దాం అనుకుంటే కుదరదు.

మనవాళ్ళకి ఈ-వీసా కావాలి. ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అప్లై చేసుకోండి, మధ్యవర్తుల జోలికి పోవద్దు.

బిష్కెక్ పశ్చిమ బస్టాండు దగ్గర, సోన్-కుల్ దారిలో ఉన్న కొచ్‌కోర్ అనే ఊరు వెళ్ళే మర్ష్రుత్కాలు, షేర్ టాక్సీలు దొరుకుతాయి. మర్ష్రుత్కా అంటే మన మినీ బస్సు లాంటి వ్యాను, నిండితే గానీ కదలదు. సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ రాత్రి కొచ్‌కోర్‌లోనే ఏదో ఒక ఇంట్లో పడుకోండి. ఇది సరదాకి చెప్పడం లేదు. బిష్కెక్ ఉన్నది 800 మీటర్ల ఎత్తులో. అక్కణ్ణుంచి ఒక్క పూటలో మూడు వేలకి ఎక్కేస్తే తల పగిలిపోతుంది. కొచ్‌కోర్ దాదాపు 1,800 మీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఒంటికి కాస్త అలవాటవుతుంది. మా వాడు థర్డ్ ఇయర్‌లోనే పెద్ద డాక్టరైపోయినట్టు నాకు క్లాసు పీకాడుగానీ, చెప్పినవన్నీ నిజమే: నీళ్ళు బాగా తాగాలి, మొదటి రోజు గబగబా నడవకూడదు, తలనొప్పికి వాంతులు తోడైతే పొద్దున్నే చూద్దాంలే అనుకోకుండా కిందికి దిగిపోవాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు బయల్దేరకముందే మన ఊళ్ళో డాక్టర్ని అడగండి. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే తలనొప్పి, వాంతులు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర సొంతంగా మింగొద్దు, సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ప్రమాదం.

కొచ్‌కోర్‌లో సీబీటీ అనే సంస్థ ఆఫీసుంది. స్థానిక కుటుంబాలే కలిసి నడుపుకునే ఏర్పాటు అది. యుర్ట్‌లో (కాపరుల గుండ్రటి గుడారంలో) బస, బండి, గుర్రం అన్నీ వాళ్ళ దగ్గరే మాట్లాడుకోవచ్చు. బండికి రేటు మాట్లాడేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోండి: ఆ డబ్బు బండి మొత్తానికా, మనిషికా? డ్రైవరు రాత్రి అక్కడే ఉంటాడా, మర్నాడు మళ్ళీ వస్తాడా? ఉంటే అతని భోజనం ఎవరిది? ఫోన్‌లో అంకె టైప్ చేసి చూపించి ఇద్దరూ తలూపితే తర్వాత గొడవుండదు. పైన కార్డులు పనిచేయవు, సిగ్నల్ ఉంటుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. కొచ్‌కోర్‌లోనే సోమ్ (అక్కడి డబ్బు) నోట్లు చేతిలో ఉంచుకొని, ఇంటికి ఫోన్ చేసి, రేపటిదాకా దొరకమని చెప్పేయండి. లేకపోతే వాళ్ళకి ఊరికే టెన్షన్.

కొచ్‌కోర్ నుంచి పైకి మూడు గంటలు వేసుకోండి. తారురోడ్డు వదిలాక కంకర దారి. 3,446 మీటర్ల కల్మాక్-అషూ కనుమ ఎక్కి దిగాలి. జులైలో కూడా అక్కడ మంచు పడొచ్చు. అందుకని స్వెట్టరు, మంకీ క్యాపు, చేతి తొడుగులు, వాన కోటు సూట్‌కేసులో అడుగున పెట్టకుండా చేతికందేలా ఉంచుకోండి. ఎండ కూడా చురుక్కుమంటుంది, సన్‌స్క్రీన్ తప్పదు.

సరస్సు దగ్గర ఒక్క చెట్టు ఉండదు. కనుచూపు మేర గడ్డి, నీళ్ళు, చుట్టూ మంచు కొండలు. వంటచెరకు లేదు కాబట్టి పొయ్యిలోకి పిడకలే. రాత్రి భోజనాలయ్యాక ఆ ఇంటావిడ ఒక బకెట్టు పిడకలు తెచ్చి యుర్ట్‌లో ఉన్న ఇనప పొయ్యిలో పేర్చి అంటించింది. పది నిమిషాల్లో లోపలంతా వెచ్చబడి స్వెట్టర్లు విప్పేశాం. కానీ అది తెల్లవారేదాకా నిలవదు, అర్ధరాత్రి దాటాక ఆరిపోతుంది. దుప్పట్లు నిద్రకి ముందే అదనంగా అడిగి పక్కన పెట్టుకోండి. వెల్లకిలా పడుకుంటే పైకప్పు మధ్యలో గుండ్రటి చెక్క చట్రం కనిపిస్తుంది, దాని పేరు తుండుక్. వాళ్ళ జాతీయ జెండా మధ్యలో ఉన్నది అదే. యుర్ట్ మొత్తం కర్ర జాలీలు, వాసాలు, పైన ఉన్ని కంబళ్ళు. మేకు కొట్టిన చోటే లేదు, అంతా తాళ్ళ కట్లే.

మరుగుదొడ్డి దూరంగా గుంట మీద కట్టిన చిన్న చెక్క గది. గొంతుక్కూర్చొనే రకమే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టమే. ఒకరు టార్చి పట్టుకొని బయట నిలబడితే మేలు. స్నానం మాట మర్చిపోండి.

తిండి విషయంలో మాంసం తినేవాళ్ళకి దిగుల్లేదు. శాకాహారులు “బెజ్ మ్యాసా” అనే రష్యన్ మాట నేర్చుకోండి, మాంసం లేకుండా అని. అయినా ముక్కలు ఏరేసి అదే పులుసు పోసే అవకాశముంది, కాబట్టి బండి మాట్లాడుకునే రోజే చెప్పేయాలి. ఉదయం మాత్రం ఏ బెంగా లేదు: అప్పుడే నూనెలో వేయించిన బూర్సోక్ అనే పిండి ముక్కలు, కైమాక్ అనే చిక్కటి మీగడ, పళ్ళ జామ్, ఎన్నిసార్లైనా టీ. నేను కందిపొడి, అటుకులు పట్టుకెళ్ళాను. ఆవిడకి కందిపొడి ఇస్తే రొట్టె మీద చల్లుకొని తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అడిగింది. కిమీజ్ ఇస్తారు, అది పులియబెట్టిన గుర్రం పాలు. పుల్లగా, కాస్త పొగ వాసనతో ఉంటుంది, కొద్దిగా ఆల్కహాల్ కూడా ఉంటుంది. అలవాటు లేని కడుపుకి రెండు గుక్కలు చాలు. మా ఆయన గిన్నెడు తాగి ఆ రాత్రి టార్చి తనే ఉంచుకున్నాడు.

రొట్టెని బోర్లా పెట్టకండి, గడప తొక్కకండి. వాకిలికి ఎదురుగా ఉన్న చోటు పెద్దలది, పిలిస్తేనే అక్కడ కూర్చోవాలి.

గుర్రం ఎక్కాలనుంటే గంట చాలు. కదలడానికి “చూ” అనాలి. హెల్మెట్ ఉందా అని ముందే అడగండి, చాలాచోట్ల ఉండదు. కుర్రాళ్ళైతే కిజార్త్ అనే ఊరి వైపు నుంచి గుర్రాల మీదే రెండ్రోజుల్లో సరస్సు చేరతారు. అది నడుం గట్టిగా ఉన్నవాళ్ళ పని.

వీలుంటే పైన రెండు రాత్రులు ఉండండి. ఒక్క రాత్రే ఉంటే, ఊపిరి సర్దుకునేలోపే బండి వచ్చేస్తుంది. తిరుగు దారిలో కొచ్‌కోర్‌లో షిర్దాక్ తివాచీలు చూడండి, ఆ ఊరు వాటికి ప్రసిద్ధి. రంగు కంబళ్ళని కత్తిరించి చేత్తో కుట్టినవి. పెద్దది కొంటే విమానంలో బరువు తూగదు, కుర్చీ మీద వేసుకునే సైజు చూసుకోండి. సొంత బండిలో వస్తుంటే బిష్కెక్‌కి ముందు తోక్మోక్ దగ్గర బురానా మినారు ఉంది, పదకొండో శతాబ్దం నాటిది. భూకంపాలకి కూలగా ఇప్పుడు 25 మీటర్లు మిగిలింది. లోపలి మెట్లు ఇరుకు, చీకటి. పిల్లల్ని పైకి పంపి మనం కింద రాతి విగ్రహాలు చూస్తూ కూర్చోవచ్చు.