అరుగు మీద ఇద్దరు: షార్ట్ ఫిల్మ్‌లో ఒక సీన్ తీయడం

ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి వైపు కాలేజీ పిల్లలు షార్ట్ ఫిల్మ్ అనగానే ముందు అడిగేది పెద్ద కెమెరా అద్దెకి ఎక్కడ దొరుకుతుందని. మొదటి సినిమాకి అది అక్కర్లేదు. సెట్టింగులు మన చేత్తో మార్చుకోగలిగే ఫోన్, కదలని ట్రైపాడ్, చొక్కాకి తగిలించే కాలర్ మైక్ ఉంటే చాలు, డబ్బులు తక్కువైతే ముందు మైకే కొనండి, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ మాట వినపడకపోతే లేచిపోతారు.

ఒక సీన్ అనుకుందాం. గంజాం జిల్లా ఊళ్ల నుంచి సూరత్ మరమగ్గాల పనికి ఎంతమంది వెళ్తారో మనకి తెలుసు కదా. రేపే రైలెక్కుతున్నానని మనవడు నానమ్మకి చెప్పాలి, ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

ముందు లాంగ్ షాట్. వీధి, అరుగు, వాళ్లిద్దరి మధ్య ఎడం, అన్నీ కనిపించేలా పెట్టి సీన్ మొత్తం ఒకసారి తీసేయండి. ఎడిటింగ్‌లో ఏది అతక్కపోయినా ఇదే ఆదుకుంటుంది. తర్వాత నానమ్మ భుజం మీదుగా మనవడు, మనవడి భుజం మీదుగా నానమ్మ. ఇద్దరినీ కలుపుతూ నేల మీద ఒక గీత ఉందనుకుని కెమెరాని దానికి ఒక పక్కనే ఉంచండి. గీత దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు వస్తుంది, మేం మొదటిసారి అలాగే తీసి సగం సీన్ మళ్లీ తీయాల్సొచ్చింది.

క్లోజప్‌ని మాత్రం దాచుకోండి. మొదటి నుంచీ మొహాలే చూపిస్తే "రైలు రేపే నానమ్మా" అన్న చోట చూపించడానికి ఇంకేం మిగలదు. ఆ మాట మనవడిది, షాట్ నానమ్మది. నన్నడిగితే మొహం కంటే ఆవిడ చేతులు మేలు, చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయిన వేళ్లు. చేతుల షాట్ విడిగా పది సెకన్లైనా తీసి ఉంచుకోండి, రెండు టేకులు కలిపే అతుకు కూడా దాని కింద కనిపించదు. క్లోజప్‌కి ఫోన్‌ని మొహం దాకా తీసుకెళ్తే ముక్కు పెద్దదిగా వస్తుంది, వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్స్ వాడండి.

సెట్టింగులు: 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 25 ఫ్రేములు), షటర్ 1/50 (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడేది సెకనులో యాభయ్యో వంతు). మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే ట్యూబ్‌లైట్ కింద 1/60 పెడితే తెర మీద చారలు పాకుతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మలో వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) మూడూ షాట్ మధ్యలో వాటంతట అవే మారకుండా లాక్ చేయండి. మిట్టమధ్యాహ్నం అరుగు నీడలో, వీధి ఎండలో ఉంటే వెనకాలంతా తెల్లగా పేలిపోతుంది కాబట్టి పొద్దున్నే, లేదా సాయంత్రం ఎండ తగ్గాక తీయండి. గోపాలపూర్‌లో సముద్రం మీద సూర్యుడు కావాలంటే మాత్రం తెల్లవారకముందే వెళ్లాలి, కథలో అది సాయంత్రమైనా సరే, మన తీరంలో సముద్రం ఉన్నది తూర్పున.

ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మర్చిపోకండి. మన వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఒడియాలో మాట్లాడుకుంటూ వెళ్తుంటారు, షాట్ మారిన చోట ఆ మాట సగంలో తెగితే చెవికి పట్టేస్తుంది. వాళ్లని ఆపమని చెప్పొద్దు, అది మన ఊరి చప్పుడు, సినిమాలో ఉండాలి. నటుల మాటలన్నీ అయిపోయాక అందరూ కదలకుండా కూర్చుని ఆ అరుగు మీద వినపడేదంతా ఒక నిమిషం పాటు రికార్డ్ చేసి, ఎడిటింగ్‌లో సీన్ మొత్తం కింద పరిచేయండి.