‘నైదర్ హియర్ నార్ దేర్’ను సరిగ్గా అర్థం చేసుకోవడం, వాడడం ఎలా?

ముందు ఈ ఇంగ్లిష్ వాక్యం చూడండి: ‘హిజ్ ఏజ్ ఈజ్ నైదర్ హియర్ నార్ దేర్. కెన్ హీ డూ ది జాబ్?’ ‘ఆయన వయసు అటూ ఇటూ కాకుండా ఉంది’ అని చదువుకుని, నడివయసు మనిషి కాబోలు అనుకోవడం చాలా తేలిక. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అసలు అర్థం వేరు. ‘ఆయన వయసుతో మనకు పనిలేదు. ఆ పని చేయగలడా, లేదా?’ అని అడుగుతున్నారు.

కాబట్టి మొదటి మెట్టు, మాటకు మాట తెలుగు చేయకపోవడం. అలా చేస్తే వెంటనే మనకు ‘రెంటికీ చెడ్డ రేవడి’ గుర్తొస్తుంది. ఆ సామెత ఎటూ కాకుండా పోయిన మనిషి గురించి. ఈ ఇంగ్లిష్ నుడికారం మాత్రం ఎక్కువగా ఒక విషయం గురించి చెబుతుంది. ఆ విషయం నిజమే కావచ్చు, కానీ ఇప్పుడు మాట్లాడుతున్న దానికి దాంతో సంబంధం లేదని.

రెండో మెట్టు, చిన్న పరీక్ష. ఆ చోట ‘అది వేరే సంగతి’ లేదా ‘దాంతో పనిలేదు’ అని పెట్టి చదవండి. వాక్యం అతికితే మీ అర్థం సరైనదే. ఉన్న ఉద్యోగం మానేసి, కొత్తది దొరకక మధ్యలో ఉన్న మనిషి గురించి రాసి ఉంటే అతకదు. అక్కడ మామూలు అర్థమే తీసుకోవాలి.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇక మరిచిపోరు. 1583లో ఆర్థర్ గోల్డింగ్ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన క్రైస్తవ మత సంస్కర్త జాన్ కాల్విన్ మతప్రసంగాల్లో ఈ మాట ఉంది. పక్కనే ‘అంటారు కదా, అలా’ అనే అర్థంలో ఒక ముక్క కూడా ఉంది. అంటే అప్పటికే అది జనం నోట నానుతోందన్నమాట. తర్వాత షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాలుగో అంకంలో వాడాడు. కథానాయిక డెస్డిమోనా తన కళ్లు దురద పెడుతున్నాయని, అది ఏడుపుకి శకునమా అని అడుగుతుంది. ఆమె పరిచారిక ఎమీలియా జవాబు ఇదే మాట. ఆడవాళ్లకు కుడికన్ను అదిరితే కీడని నమ్మే ఇళ్లలో పెరిగిన మనకు ఆ భయం వేరే వివరించనక్కర్లేదు. ‘దానికేం లేదులెండమ్మా’ అని ఎమీలియా ధైర్యం చెబుతున్నట్టే నాకు వినిపిస్తుంది. ఆ రాత్రే డెస్డిమోనా భర్త చేతిలో చనిపోతుంది.

ఇక వాడడం. లెక్కలు, నిర్ణయాలు, వాదనల దగ్గర నిస్సంకోచంగా వాడండి. ఎదుటివాళ్లు బాధ చెప్పుకుంటున్నప్పుడు మాత్రం వద్దు. ‘నీ బాధతో మాకు పనిలేదు’ అన్నట్టు తగులుతుంది.

చివరిగా, దీన్ని ‘రెడ్ హెర్రింగ్’తో కలపకండి. అసలు విషయం నుంచి దారి మళ్లించడానికి ఎత్తే మాటను అలా అంటారు. నిజానికి ఉప్పు పట్టించి, పొగబెట్టి ఎర్రబారేలా చేసిన చేప అది, ఘాటైన వాసన. చిన్నప్పుడు ఆ చేపతో వేటకుక్కల దారి మళ్లించానని విలియం కాబెట్ 1807లో తన పత్రికలో ఒక కథ రాశాడు. ‘రెడ్ హెర్రింగ్’ అనే నుడికారం జనంలోకి వెళ్లడానికి ఆ కథే పెద్ద కారణం. రెండింటికీ తేడా ఉద్దేశంలో ఉంది. జీతం గురించి మాట్లాడుతుంటే ఎవరో యథాలాపంగా మీ వయసు ఎత్తితే అది ‘నైదర్ హియర్ నార్ దేర్’. జీతం మాట దాటేయడానికే వయసు ఎత్తితే అది రెడ్ హెర్రింగ్.