సీటీ రిపోర్టులో కాల్సిఫికేషన్ అని ఉంటే ఏం చూడాలి

ఒంగోలులో సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రిపోర్టు చేతికి రాగానే చాలామంది అడిగేది ఒకటే: "మెదడులో కాల్షియం పేరుకుందంట, పాలు మానెయ్యాలా?" మానొద్దండీ. పాలు తాగినందుకు మెదడులో కాల్షియం పేరుకోదు. కాల్సిఫికేషన్ అంటే ఒక చోట కాల్షియం పేరుకుని గట్టిపడటం. ముందు ఆ మాట పక్కన మెదడులో ఏ చోటు రాశారో చూడండి.

పీనియల్ గ్రంథి, కోరాయిడ్ ప్లెక్సస్, ఫాల్క్స్ అని ఉంటే పెద్దవాళ్లలో మామూలే. మందులక్కర్లేదు.

బేసల్ గ్యాంగ్లియాలో (మెదడు లోపల కదలికలను అదుపు చేసే భాగం) రెండు వైపులా అని ఉంటే వయసు చూడండి. ముసలివాళ్లలో సన్నటి చుక్కలు తరచూ కనిపిస్తాయి. వయసు తక్కువైనా, మచ్చలు పెద్దవైనా రక్తంలో కాల్షియం, ఫాస్పరస్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్) పరీక్షలు చేయించాల్సిందే. మెడ మీద ఆపరేషన్ గీత ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. థైరాయిడ్ తీసేటప్పుడు వెనకున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోతుంది, ఫాస్పరస్ పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే మెదడులో కాల్షియం పేరుకుంటుంది. అలాంటి ఒకావిడకు బంధువులు రిపోర్టు చూసి కాల్షియం మాత్రలే ఆపించేశారు. రక్తంలో కాల్షియం తగ్గిందేమో చూడటానికి డాక్టరుగారు ఆవిడ చేతికి బీపీ పట్టీ బిగించి కాసేపు ఉంచారు. మణికట్టు వంగిపోయింది, బొటనవేలు అరచేతిలోకి వెళ్లింది, మిగతా వేళ్లు బిగుసుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. "చెయ్యి లాగేస్తోందయ్యా" అని ఏడ్చేసింది. ఆవిడకు కావలసిన మందే కాల్షియం, దాంతోపాటు కాల్సిట్రయాల్ (విటమిన్ డి రకం మందు). దయచేసి సొంతంగా ఆపకండి.

రక్తపరీక్షలన్నీ బాగుంటే, ఇంట్లో ఇంకెవరికైనా వణుకు, నడకలో తూలు ఉన్నాయేమో గుర్తు చేసుకోండి. ఇది కుటుంబాల్లో వచ్చే రకం కూడా ఉంది.

ఫిట్స్ వచ్చి, స్కాన్‌లో ఒక్కటే గట్టి చుక్క కనిపిస్తే మన దగ్గర ముందు అనుమానించేది బద్దెపురుగు పిల్ల, తర్వాత టీబీ. "మేం శాకాహారులం" అంటారు. పంది మాంసం ముట్టకపోయినా, కడగని చేతుల నుంచి, కూరగాయల నుంచి ఆ పురుగు గుడ్లు లోపలికి వెళ్తాయి. గట్టిపడిందంటే పురుగు చచ్చిపోయినట్టే, అయినా ఆ మచ్చ ఫిట్స్ తెప్పించగలదు. ఫిట్స్ మాత్రలు ఎప్పుడు తగ్గించాలో న్యూరాలజిస్టే చెప్పాలి.

కొన్ని మెదడు గడ్డల్లోనూ (ట్యూమర్లు) కాల్షియం ఉంటుంది, కాబట్టి చుట్టూ వాపు ఉందని రాస్తే ఆలస్యం చెయ్యొద్దు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పాత సీటీ ఫిల్ములు, సీడీ ఉంటే వెంట తీసుకెళ్లండి. కాల్షియం ఎంఆర్ఐలో కన్నా సీటీలో స్పష్టంగా తెలుస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, మచ్చ పెరిగిందా లేదా అని అడగండి.