సిగరెట్ అడిగిన కుర్రాడికి పద్దెనిమిది నిండాయో లేదో ఎలా చూడాలి?

గుంటూరు బ్రాడీపేటలో మాది కిరాణా కొట్టు. చుట్టూ హాస్టళ్లే. సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ ముందు నిలబడే పదిమందిలో ఆరుగురికి గడ్డం ఉంటుంది. ఆ ఆరుగురిలో ఎవరికి పద్దెనిమిది నిండాయో దేవుడికే తెలియాలి. మొదట్లో నేనూ మొహం చూసే అంచనా వేసేవాణ్ని. ఒకరోజు గుబురు గడ్డం ఉన్న కుర్రాడికి ప్యాకెట్ ఇచ్చాను. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి, "మావాడు ఇంటర్ ఫస్టియరండీ" అన్నాడు. గట్టిగా తిట్టినా బాగుండేది, ఆ ఒక్క మాటా అనేసి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే నున్నగా గీయించుకున్న ఒకాయన్ని కార్డు అడిగితే ఆయన లెక్చరరట! నవ్వుతూ పర్సు తీశాడు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి మొహాన్ని నమ్మడం మానేసి తేదీ చూడటం మొదలుపెట్టాను.

ముందుగా దేనికి ఎంత వయసో తెలుసుకోండి

సిగరెట్, బీడీ లాంటి పొగాకు సరుకు ఏదైనా కొనేవాడికి 18 నిండాలి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం చెప్పేది ఇదే. మద్యానికి మన రాష్ట్రంలో 21. ఈ-సిగరెట్లను 2019లోనే దేశమంతా నిషేధించారు కాబట్టి వాటికి కార్డు చూసే పనే లేదు, ఎవరికీ అమ్మకూడదు.

పొగాకు చట్టంలో జరిమానా 200 రూపాయల వరకే. "ఓస్, ఇంతేనా" అని నవ్వేవాళ్లను చాలామందిని చూశాను. కానీ 2015 బాలల న్యాయ చట్టంలో 77వ సెక్షన్ ఒకటుంది. పిల్లలకు మద్యం గానీ పొగాకు గానీ ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇది చెప్పాక మా కౌంటర్ కుర్రాడు మళ్లీ నవ్వలేదు.

ఇంకో సంగతి. స్కూలు, కాలేజీ ప్రహరీ నుంచి వంద గజాల లోపు, అంటే సుమారు 91 మీటర్ల లోపు, పొగాకు సరుకు అసలు అమ్మకూడదు. యాభై ఏళ్లాయన అడిగినా అంతే. కొలత గేటు నుంచి కాదు, ప్రహరీ గోడ నుంచి. నేను టేపు పట్టుకుని కొలిచాకే సిగరెట్లు పెట్టాను. పొగాకు బోర్డు హెడ్డాఫీసు ఉన్న ఊళ్లో ఈ కొలతలేంటని మా బావమరిది ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటాడు.

కౌంటర్ సిద్ధం చేసుకోండి

18 ఏళ్ల లోపు వారికి అమ్మడం శిక్షార్హమైన నేరం అనే బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో అందరికీ కనపడేలా ఉండాలి. అది రూలే, పైగా మనకు ఆసరా కూడా. ఎవరైనా వాదనకు దిగితే వేలు అటు చూపిస్తే చాలు. ప్యాకెట్లు పిల్లల చేతికి అందేలా, చాక్లెట్ డబ్బాల పక్కన పెట్టొద్దు.

రెండో పని తేదీ రాసుకోవడం. పొద్దున్నే పాల ప్యాకెట్లు దించుకోగానే ఒక చిన్న పలక మీద ఆ రోజు తేదీకి పద్దెనిమిదేళ్ల వెనక తేదీ రాసి, మా వైపు తిప్పి పెట్టుకుంటాం. 2026 మార్చి 14న అయితే పలక మీద 14-03-2008 అని ఉంటుంది. ఆ రోజున గానీ అంతకుముందు గానీ పుట్టినవాళ్లకే సరుకు. రద్దీలో సంవత్సరాలు మాత్రమే తీసేసి, "2008... పద్దెనిమిది, సరే" అనుకుంటే 2008 నవంబర్‌లో పుట్టినవాడికి మార్చిలోనే ఇచ్చేస్తాం. వాడికి ఇంకా పదిహేడే. వైన్ షాపులో అయితే 21 ఏళ్ల వెనక తేదీ రాసుకోవాలి.

అడగడం ఎలా

వయసు చూసుకునే బాధ్యత అమ్మేవాడిదే. అనుమానం వస్తే రుజువు అడగొచ్చని రూల్స్‌లోనే ఉంది. ఎవరిని అడగాలన్నదే తికమక. బ్రిటన్ షాపుల్లో పాతికేళ్ల లోపు అనిపించిన ప్రతివాళ్లనీ అడుగుతారట. నాకా పద్ధతి నచ్చింది. పద్దెనిమిదికి అటూ ఇటూ ఊగేవాళ్లు అందరూ అందులోకి వచ్చేస్తారు.

"నీ వయసెంత?" అని అడగొద్దు. "పందొమ్మిదంకుల్" అనే జవాబు నాలుక మీదే ఉంటుంది. "కార్డు చూపించు బాబూ, అందరినీ అడుగుతున్నాం" అనండి. ఆ రెండో మాట మర్చిపోవద్దు. ఫ్రెండ్స్ ముందు వాడి పరువు దక్కుతుంది, మనకు గొడవ తప్పుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అడగాల్సింది డబ్బు కట్టకముందే. ఇప్పుడు పిల్లలు ముందు స్కాన్ చేసి, సౌండ్ బాక్స్ అరిచాక ఏం కావాలో చెప్తున్నారు. డబ్బు పడ్డాక ఇవ్వనంటే వెనక్కి పంపాలి, ఈలోపు లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. పొగాకు అనగానే స్కానర్ స్టాండు పక్కకు జరిపేయండి.

కార్డులో ఏం చూడాలి

కార్డు చేతిలోకి తీసుకోండి. వేళ్ల సందుల్లోంచి చూపించి జేబులో పెట్టేసేది కార్డు చూపించడం కాదు. ముందు ఫొటో, తర్వాత పుట్టిన తేదీ, తర్వాత పలక.

ఆధార్ అందరి దగ్గరా ఉంటుంది. కొన్ని పాత ఆధార్ కార్డుల్లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు డిసెంబర్ 31న పుట్టాడనే లెక్కేసుకోండి. కొత్త వాటి మీద ఇది పుట్టిన తేదీకి రుజువు కాదని రాసే ఉంటుంది. అందుకే తేదీ దగ్గర అచ్చు తేడాగా అనిపించినా, ఇంకేదైనా అనుమానం వచ్చినా మరో కార్డు అడగండి.

డ్రైవింగ్ లైసెన్స్ ఉందంటే 18 నిండినట్టే అనుకుంటారు. కాదు. 50 సీసీ లోపు గేర్లు లేని బండికి 16 ఏళ్లకే ఇస్తారు. అందులోనూ తేదీయే చూడాలి. పాన్ కార్డు పిల్లలకూ ఉంటుంది, పిల్లల కార్డు మీద ఫొటో ఉండదు. ఓటరు కార్డు ఉంటే 18 నిండినట్టే, అయితే వైన్ షాపులో అది చాలదు.

ఫోన్ గ్యాలరీలో ఉన్న ఫొటో ఒప్పుకోవద్దు, అందులో అంకె మార్చడం నిమిషం పని. ప్రభుత్వ డిజీలాకర్ యాప్ నా ముందే తెరిచి చూపిస్తే ఒప్పుకుంటాను. కాలేజీ ఐడీ ఒప్పుకోను.

ఇంకా సందేహం ఉంటే కార్డు మన చేతిలో ఉండగానే, "టెన్త్ ఏ సంవత్సరం పాసయ్యావు?" అని మామూలుగా అడగండి. సొంత కార్డయితే టక్కున చెప్తాడు. అన్నయ్య కార్డు తెచ్చినవాడు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

చూశాక వెంటనే ఇచ్చేయండి. నంబరు రాసుకోవద్దు, ఫొటో తీయొద్దు. తేదీ ఒక్కటే మనకు కావాల్సింది.

"నాన్న తెమ్మన్నారు"

దుకాణదారులందరూ తడబడేది ఇక్కడే. పన్నెండేళ్ల పిల్లాడు సైకిల్ స్టాండ్ వేసి, గుప్పిట్లో నలిగిన నోటు చాపి, బ్రాండ్ పేరు కూడా తప్పులేకుండా చెప్తాడు. వాళ్ల నాన్న మనకు తెలుసు, నెలనెలా ఖాతా ఉంది. ఇవ్వనంటే ఆయన ఫోన్ చేసి, "మావాడే బాబాయ్, ఇచ్చెయ్" అంటాడు. చట్టానికి ఎవరి కోసం కొన్నాడన్నది అక్కర్లేదు, ఎవరి చేతికి ఇచ్చామన్నదే లెక్క. నేను, "నువ్వే రా అబ్బాయ్, ప్యాకెట్ తీసి పక్కన పెడతా" అంటాను. ఇద్దరు అలిగి పక్క వీధికి మారారు. ఒకాయన నెల తిరక్కుండా వెనక్కొచ్చాడు, పప్పులు మా దగ్గరే బాగుంటాయట!

గుంపులో పెద్దవాడు కార్డు చూపించి కొని, మన కళ్లముందే చిన్నవాళ్లకు పంచబోతున్నాడని తెలిస్తే ఆ అమ్మకం వదులుకోండి. కుర్రాళ్లు డబ్బులిచ్చి ఆటో అతన్ని పంపినా అంతే.

మన ఇంటి సంగతి కూడా చెప్పాలి. భోజనానికి వెళ్తూ టెన్త్ చదివే కొడుకుని గల్లా దగ్గర కూర్చోబెడతాం. 18 నిండనివాళ్లు పొగాకు సరుకు అమ్మకూడదని కూడా రూల్ ఉంది. నేను వెళ్లేటప్పుడు సిగరెట్లున్న అరకు తాళం వేసి చెవి జేబులో వేసుకుంటాను.

కాదన్న ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో టైము, సరుకు, కారణం రాస్తాం. పేర్లుండవు. "6.40, ప్యాకెట్, కార్డు లేదు, ఎర్ర బ్యాగు" అంతే. ఎనిమిదింటికి కౌంటర్లో మనిషి మారతాడని హాస్టల్ పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. ఎనిమిదీ ఐదుకు ఆ ఎర్ర బ్యాగు మళ్లీ వస్తుంది.