కారు కరెంటు పాఠాలు – 3: ఫ్యూజు కాపాడేది వైరుని

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను: డిక్కీలో 500 వాట్ల ఇన్వర్టర్ పెడితే బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగుతుంది? 500ని బ్యాటరీ వోల్టేజి అయిన 12తో భాగించి 42 ఆంపియర్ల దగ్గర ఆగిపోయినవాళ్లు ఇంకొక్క అడుగు వెయ్యాలి. ఇన్వర్టర్ కొంత శక్తిని వేడి రూపంలో పోగొట్టుకుంటుంది. దాని సమర్థత 85 శాతం అనుకుంటే బ్యాటరీ ఇవ్వాల్సింది 588 వాట్లు, అంటే 49 ఆంపియర్లు. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 11 వోల్టులకు దిగితే అదే పనికి 53 ఆంపియర్లు పడతాయి. వోల్టేజి తగ్గేకొద్దీ ఇన్వర్టర్ ఇంకా ఎక్కువ లాగుతుంది.

ఇప్పుడు వైరు సంగతి. బ్యాటరీ బానెట్ కింద ఉంది, ఇన్వర్టర్ వెనక ఉంది. మధ్యలో 5 మీటర్ల వైరు కావాలి. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం (అంటే అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) ఉన్న రాగి తీగ నిరోధం సుమారు 0.0175 ఓమ్. దీన్ని పొడవుతో గుణించి మందంతో భాగించాలి. 4 చ.మి.మీ. వైరు వేస్తే 0.022 ఓమ్ వస్తుంది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ అందులో 50 ఆంపియర్లు పారితే 1.1 వోల్టులు దారిలోనే పోతాయి. ఆ పోయినదంతా, సుమారు 55 వాట్లు, కార్పెట్ కింద వేడిగా మారుతుంది. అదే 16 చ.మి.మీ. వైరయితే పోయేది 0.27 వోల్టులే.

కొనేటప్పుడు పైతొడుగు లావు చూసి మోసపోకండి, కొస కోసి లోపలి తీగను చూడండి. రాగిపూత పూసిన అల్యూమినియం అయితే కోసిన చోట మధ్యలో తెల్లగా కనిపిస్తుంది. దాని నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది కాబట్టి పై లెక్క దానికి చెల్లదు.

ఈ పాఠమంతటికీ ప్రాణం ఫ్యూజు. అది ఇన్వర్టర్ కోసం అని చాలామంది అనుకుంటారు. కాదు, వైరు కోసం. కారు బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి, ఆ ధాటికి తొడుగు కరిగి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఫ్యూజు ఇన్వర్టర్ పక్కన పెడితే ప్రయోజనం లేదు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే పెట్టండి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న ముక్కకు ఏ రక్షణా ఉండదు. మన 53 ఆంపియర్లకు 60 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది, 16 చ.మి.మీ. వైరు ఆ కరెంటును తట్టుకుంటుంది. కానీ 4 చ.మి.మీ. వైరుకు అదే ఫ్యూజు వేస్తే ఫ్యూజు కంటే ముందు వైరే కాలుతుంది. ఫ్యూజు పోయిందని పెద్దది వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, ఎందుకు పోయిందో వెతకండి.

వైరు ఇంజను గది నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి. అది లేకపోతే బండి అదురుకు రేకు అంచు తొడుగును నెలల తరబడి కోస్తూనే ఉంటుంది. బాడీకి బిగించే నెగటివ్ వైరు కూడా అంతే మందం ఉండాలి, బిగించే చోట పెయింటు గీకి మెరిసే లోహం తేల్చాలి. కొసలకు లగ్గులు (బోల్టుకు బిగించే లోహపు కొసలు) క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి. టంకం వేస్తే తీగ అక్కడ బిరుసెక్కి అదురుకు విరుగుతుంది.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ ముందు విప్పండి, చివర్లో దాన్నే బిగించండి. ప్లస్ ముందు విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి షార్టవుతుంది.

వచ్చే పాఠానికి లెక్క: 100 వాట్ల దీపాలు రెండు, 10 ఆంపియర్ల స్విచ్చి ఒకటి ఉన్నాయి. స్విచ్చి ఎందుకు తట్టుకోదో లెక్కకట్టి రండి, అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) మొదలుపెడదాం. చేతిలో ఒక రిలే ఉంటే 30, 85, 86, 87 అన్న అంకెలు ఏ కాళ్ల దగ్గర ఉన్నాయో కాగితం మీద గీసుకోండి.